మూడు న్యాయపీఠాల ముందు: అమెరికా కళాశాల క్రీడాకారులు, మద్యం కేసులు, జట్టు క్రమశిక్షణ

అమెరికాలో విశ్వవిద్యాలయ జట్టుకు ఆడే పంతొమ్మిదేళ్ళ విద్యార్థి చేతిలో బీరు డబ్బాతో పోలీసుల కంటబడితే, ఆ ఒక్క తప్పుకు అతడు మూడు చోట్ల సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. రాష్ట్ర చట్టం కింద న్యాయస్థానంలో చిన్న నేరంగా కేసు నడుస్తుంది. విద్యార్థుల ప్రవర్తన నియమావళి కింద విశ్వవిద్యాలయం వేరే విచారణ జరుపుతుంది. ఆ రెండింటితో నిమిత్తం లేకుండా కోచ్ అతణ్ణి ఒకటి రెండు మ్యాచ్‌లకు పక్కన పెట్టవచ్చు, అవసరమనుకుంటే జట్టు నుంచే తొలగించవచ్చు. న్యాయస్థానం వేసిన జరిమానా కట్టేస్తే తీరిపోతుంది, విశ్వవిద్యాలయం పెట్టిన పరిశీలనా గడువు కొన్ని నెలల్లో ముగుస్తుంది, కాని జట్టు వేసే శిక్ష విద్యార్థి స్కాలర్‌షిప్‌ను, దానితో పాటు అతని చదువును కూడా తాకగలదు. ఈ మూడు అధికారాలలో విశ్వవిద్యాలయానిది అన్నిటికన్న పాతది, దేశమంతటికీ వర్తించే ఇరవయ్యొకటేళ్ళ వయోపరిమితి అన్నిటికన్న కొత్తది, ఆ రెండింటి నడుమ పుట్టిన జట్టు అధికారమే అన్నిటికన్న బరువైనది. మూడూ మూడు వేర్వేరు కాలాలలో, వేర్వేరు అవసరాల కోసం పుట్టి, చివరకు ఒకే విద్యార్థి మీద వచ్చి పడిన తీరే ఈ వ్యాసానికి విషయం. శిక్ష ఎంత కఠినమైనది అన్నదాని కన్న, అది ముందే రాసిపెట్టినదా, అందరికీ ఒకే తీరున వర్తించేదా అన్నదే అసలు ప్రశ్న అని ఈ చరిత్ర చెబుతుంది.

పడవ పందెం నుంచి శిక్షణ నియమాల దాకా

అమెరికాలో రెండు కళాశాలల మధ్య జరిగిన మొదటి క్రీడాపోటీ 1852లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని విన్నిపెసాకీ సరస్సు మీద హార్వర్డ్, యేల్ విద్యార్థుల నడుమ జరిగిన పడవ పందెం. 1869లో ప్రిన్స్‌టన్, రట్గర్స్ కళాశాలల ఫుట్‌బాల్ పోటీ వచ్చేసరికి కూడా ఈ ఆటలు విద్యార్థులు తమంత తాము నడుపుకొనేవే. డబ్బు పోగుచేయడం, జట్టును ఎంచడం, సాధన చేయించడం అన్నీ జట్టు నాయకుడి చేతిలో ఉండేవి. ఆటగాళ్ళు ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి, ఏం తాగకూడదు అన్న కట్టుబాట్లకు శిక్షణ నియమాలు అని పేరు వచ్చింది. వారంతా కలిసి భోజనం చేసే ప్రత్యేకమైన బల్లను ట్రైనింగ్ టేబుల్ అనేవారు. ఈ పద్ధతులకు మూలం ఇంగ్లాండులోని పడవ పందేల సంప్రదాయం. అక్కడ కొలిచి ఇచ్చే బీరు పథ్యంలో ఒక భాగంగానే ఉండేది గనుక, తొలినాటి శిక్షణలో మద్యం పాపమన్న భావన లేదు. ఒంట్లో బలం తగ్గకూడదు, ఊపిరి ఆడాలి అన్న లెక్క మాత్రమే ఉండేది.

ఆ లెక్కను నీతిసూత్రంగా మార్చినది పంతొమ్మిదో శతాబ్ది చివర దేశమంతటా సాగిన మద్యవ్యతిరేక ఉద్యమం. 1874లో ఏర్పడిన స్త్రీల క్రైస్తవ మద్యవ్యతిరేక సంఘం, మద్యం శరీరానికి చేసే చేటును బడుల్లో పాఠంగా చెప్పాలని పోరాడి, శతాబ్దం మారేసరికి దాదాపు దేశమంతటా ఆ బోధనను చట్టబద్ధం చేయించగలిగింది. అదే కాలంలో, దేహబలమూ దైవభక్తీ ఒకదానికొకటి తోడని నమ్మిన వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలల నుంచి కొత్త తరం కోచ్‌లు బయలుదేరారు. 1892లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరి నాలుగు దశాబ్దాలు అక్కడే పనిచేసిన ఏమస్ అలోంజో స్టాగ్ వారిలో ప్రముఖుడు. జీతం తీసుకునే కోచ్ రావడంతో జట్టు నాయకుడి చేతిలోని అధికారం క్రమంగా అతని చేతికి మారింది. ఒకప్పుడు తోటి విద్యార్థులు తమ మీద తాము పెట్టుకున్న కట్టుబాట్లు ఆ విధంగా పైనుంచి వచ్చే ఆజ్ఞలయ్యాయి. ఫుట్‌బాల్ మైదానాల్లో మరణాలు పెరిగిపోవడంతో 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రముఖ కళాశాలల ప్రతినిధులను పిలిచి మాట్లాడిన తరువాత, 1906లో ఏర్పడి 1910లో ఎన్.సి.ఎ.ఎ. అనే పేరు పొందిన జాతీయ సంస్థ ఆట నియమాలను, తరువాత కాలంలో ఆటగాళ్ళ అర్హతలను తన చేతిలోకి తీసుకుంది గాని, ఆటగాడు సాయంత్రం పూట ఏం తాగుతాడన్నది మాత్రం కోచ్‌కే వదిలేసింది.

తల్లిదండ్రుల స్థానంలో కళాశాల

కోచ్ అధికారాన్ని ఎవరూ ప్రశ్నించకపోవడానికి, కళాశాలకే అంతకన్న పెద్ద అధికారం ఉండడం ఒక కారణం. విద్యార్థి చేరిన నాటి నుంచి కళాశాల అతనికి తల్లిదండ్రులతో సమానమనీ, కన్నవారు బిడ్డను మందలించినట్లే కళాశాల విద్యార్థిని శిక్షించవచ్చుననీ నాటి న్యాయశాస్త్రం భావించేది. కెంటకీ రాష్ట్రంలోని బెరియా కళాశాల తన విద్యార్థులు బయటి భోజనశాలలకు పోరాదని నియమం పెట్టగా, దానివల్ల నష్టపోయిన భోజనశాల యజమాని వేసిన దావాలో 1913లో ఆ రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం కళాశాల పక్షానే తీర్పు చెప్పింది. విద్యార్థి ఎక్కడ తినాలో నిర్ణయించగల కళాశాల, అతడు ఏం తాగరాదో నిర్ణయించడంలో ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు.

1920 జనవరి నుంచి దేశమంతటా అమలైన మద్యనిషేధం 1933లో ఇరవయ్యొకటో రాజ్యాంగ సవరణతో ముగిసింది. ఆ సవరణ మద్యం నియంత్రణను చాలావరకు రాష్ట్రాలకు అప్పగించింది. ఓటు హక్కుకు, ఆస్తి వ్యవహారాలకు నాడు ఇరవయ్యొక సంవత్సరాలే పెద్దరికానికి గుర్తు గనుక, ఎక్కువ రాష్ట్రాలు మద్యానికీ అదే వయసును నిర్ణయించాయి; న్యూయార్క్ వంటి కొన్ని రాష్ట్రాలు పద్దెనిమిదేళ్ళకే అనుమతించాయి; మరికొన్ని 3.2 శాతం ఆల్కహాలు మాత్రమే ఉండే పలుచని బీరును తక్కువ వయసువారికి అమ్మనిచ్చాయి. చట్టంలో ఇన్ని తేడాలున్నా, విశ్వవిద్యాలయ పట్టణాల్లో తక్కువ వయసు విద్యార్థి తాగి పట్టుబడితే ఆ సంగతి మామూలుగా న్యాయస్థానం దాకా పోక, డీన్ గదిలోనో కోచ్ గదిలోనో తేలిపోయేది.

1963 డిసెంబరు, టస్కలూసా

ఆ పాత పద్ధతి ఎలా పనిచేసేదో, దానిలోని బలమేమిటో లోపమేమిటో ఒక్క ఉదంతంలోనే స్పష్టంగా చూడవచ్చు. అలబామా విశ్వవిద్యాలయం ఉన్న టస్కలూసా పట్టణంలో 1963 చివర, జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ శిక్షణ నియమాలు మీరి మద్యం తాగాడన్న మాట కోచ్ పాల్ బ్రయంట్ చెవిన పడింది. నేమత్‌కు అప్పటికి ఇరవై ఏళ్ళు. పెన్సిల్వేనియాలోని బీవర్ ఫాల్స్ అనే చిన్న పారిశ్రామిక పట్టణం నుంచి వచ్చి, దేశంలోనే పేరుమోస్తున్న ఆటగాడు. బ్రయంట్ అతణ్ణి పిలిచి సూటిగా అడిగాడు; నేమత్ దాచకుండా ఒప్పుకున్నాడు. ఆ సీజన్‌లో మిగిలి ఉన్నవి రెండే మ్యాచ్‌లు: మయామీతో ఒకటి, 1964 జనవరి 1న న్యూ ఆర్లియన్స్‌లో మిసిసిపీ విశ్వవిద్యాలయంతో జరగవలసిన షుగర్ బౌల్ ఒకటి. ఆ రెండింటి నుంచీ బ్రయంట్ అతణ్ణి తప్పించాడు.

అలబామా ఆ రెండు మ్యాచ్‌లూ నేమత్ లేకుండానే గెలిచింది. షుగర్ బౌల్‌లో జట్టు సాధించిన 12 పాయింట్లూ టిమ్ డేవిస్ అనే ఆటగాడు కాలితో తన్ని సాధించిన నాలుగు ఫీల్డ్ గోల్స్ వల్ల వచ్చినవే. ఎదుటి జట్టుకు 7 పాయింట్లు వచ్చాయి. మరుసటి ఏడాది నేమత్ తిరిగి జట్టులోకి వచ్చాడు, 1964 రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని అలబామాను పత్రికా సంస్థల ఓటింగులు జాతీయ విజేతగా ప్రకటించాయి, 1965 జనవరిలో అతడు న్యూయార్క్ జెట్స్ అనే వృత్తి క్రీడాకారుల జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు. బ్రయంట్ మీద తన గౌరవాన్ని నేమత్ ఆ తరువాత కూడా చాటుకుంటూనే వచ్చాడు. తరువాతి కాలంలో తాగుడుతో తాను పడిన పాట్లను కూడా బాహాటంగా చెప్పుకున్నాడు.

ఈ ఉదంతాన్ని ఆదర్శంగా చెప్పుకోవడం అమెరికా క్రీడారచనలో ఆనవాయితీ. పెద్ద మ్యాచ్ ముందు, అందరికన్న పెద్ద ఆటగాడి మీద పడిన శిక్ష కనుకనే దానికి అంత నైతిక బలం వచ్చింది. జట్టులో చివరి ఆటగాడికి వర్తించే నియమం మొదటి ఆటగాడికీ వర్తిస్తుందని అది నిరూపించింది. అయితే ఇందులో పోలీసు కేసు లేదు, రాతపూర్వకమైన అభియోగం లేదు, విచారణ సంఘం లేదు, అప్పీలుకు చోటు లేదు. అంతా ఒక మనిషి న్యాయబుద్ధి మీద ఆధారపడింది. ఆ మనిషి మనసు మరోలా ఉంటే, ఆటగాడు అంత పేరున్నవాడు కాకపోతే, అదే తప్పుకు శిక్షే ఉండకపోవచ్చు, లేదా రెండో అవకాశమే దొరక్కపోవచ్చు.

హక్కుల దశాబ్దం

బ్రయంట్ ఈ నిర్ణయం తీసుకునేనాటికే కళాశాలల అధికారానికి పునాది కదలడం మొదలైంది, అదీ అలబామా రాష్ట్రంలోనే. 1960లో మాంట్‌గామరీలోని న్యాయస్థాన భవనంలో నల్లవారికి ప్రవేశం లేని భోజనశాలలో కూర్చుని నిరసన తెలిపిన అలబామా స్టేట్ కళాశాల విద్యార్థులను ఆ కళాశాల విచారణ లేకుండా బహిష్కరించింది. 1961లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం, ప్రభుత్వ కళాశాల విద్యార్థిని బహిష్కరించే ముందు అభియోగం ఏమిటో తెలిపి, అతని మాట వినక తప్పదని తీర్పు చెప్పింది. పౌరహక్కుల పోరాటం సాధించిన ఈ సూత్రమే తరువాత మద్యం, మత్తుమందులు, కొట్లాటలు వంటి అన్ని క్రమశిక్షణ వ్యవహారాలకూ ప్రాతిపదిక అయింది. 1972లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు మైదానంలో జరిగిన కొట్లాటకు సస్పెండ్ అయినప్పుడు, అక్కడి ఫెడరల్ జిల్లా న్యాయస్థానం క్రీడాకారులకూ విచారణ హక్కు ఉందని చెప్పింది. తరువాతి తీర్పులు చాలావరకు ఆ దారిన నడవలేదు; చదువు హక్కు కావచ్చు గాని ఆట హక్కు కాదనీ, అది కళాశాల ఇచ్చే అవకాశం మాత్రమేననీ న్యాయస్థానాలు భావించాయి. ఈ భేదం వల్ల విద్యార్థిగా లభించే రక్షణ జట్టు సభ్యుడిగా లభించకుండా పోయింది.

1971లో ఇరవయ్యారో రాజ్యాంగ సవరణ ఓటు వయసును పద్దెనిమిదికి తగ్గించింది. వియత్నాం యుద్ధానికి పంపగల వయసువాడికి ఓటు ఉండాలన్న వాదనే మద్యానికీ వర్తించి, 1970 నుంచి 1975 వరకు 29 రాష్ట్రాలు తాగే వయసును తగ్గించాయి. పెన్సిల్వేనియాలో ఒక కళాశాల తరగతి విందులో తాగిన విద్యార్థి నడిపిన కారు ప్రమాదానికి గురై తోటి విద్యార్థి తీవ్రంగా గాయపడిన కేసులో, 1979లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం నేటి విద్యార్థులు పెద్దవారనీ, వారి తాగుడుకు కళాశాల పూచీ పడదనీ చెప్పింది. తల్లిదండ్రుల స్థానం నుంచి కళాశాల దిగిపోయిందని ఆ తీర్పు లాంఛనంగా ప్రకటించినట్లయింది.

సరిగ్గా ఆ సమయంలోనే జట్టు పట్టు బిగిసింది. 1956 నుంచి ఎన్.సి.ఎ.ఎ. క్రీడా స్కాలర్‌షిప్‌లను, అంటే ఆట ప్రతిభను చూసి ఇచ్చే చదువు ఖర్చులను, అధికారికంగా అనుమతించింది. 1973లో ఆ స్కాలర్‌షిప్ గరిష్ఠ కాలాన్ని ఒక ఏడాదికి కుదించి, ఏటా పునరుద్ధరించుకోవలసినదిగా మార్చింది. దానితో కారణం చెప్పకుండానే కోచ్ ఒక ఆటగాడి చదువు ఖర్చును మరుసటి ఏడాదికి ఆపగలిగాడు. ఒకటి కన్న ఎక్కువ సంవత్సరాలకు స్కాలర్‌షిప్ ఇవ్వడానికి మళ్ళీ అనుమతి వచ్చింది 2012లోనే. నడుమ ఉన్న దాదాపు నలభై ఏళ్ళలో, మద్యం వ్యవహారంలో చిక్కుకున్న ఆటగాడికి నిజమైన భయం న్యాయమూర్తి గురించి కాదు, వసంతకాలంలో వచ్చే పునరుద్ధరణ పత్రం గురించి.

ఇరవయ్యొకటేళ్ళ గీత

1980లో కాలిఫోర్నియాలో, తాగి కారు నడిపిన వ్యక్తి వల్ల పదమూడేళ్ళ కూతురిని కోల్పోయిన క్యాండీ లైట్నర్ అనే తల్లి, తాగి వాహనం నడపడానికి వ్యతిరేకంగా తల్లుల సంఘాన్ని స్థాపించింది. తక్కువ వయోపరిమితి ఉన్న రాష్ట్రాలకు పక్క రాష్ట్రాల యువకులు తాగడానికి కార్లలో వెళ్ళి, తిరుగుదారిలో చనిపోతున్నారన్న వాదన ప్రజల మనసుకు తాకింది. 1984 జూలైలో అధ్యక్షుడు రీగన్ సంతకం చేసిన చట్టం వయోపరిమితిని నేరుగా పెంచలేదు. ఇరవయ్యొకటేళ్ళ లోపువారు మద్యం కొనడాన్ని, బహిరంగంగా దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధించని రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే రహదారి నిధుల్లో మొదట 5 శాతం, తరువాత 10 శాతం ఆపుతామని చెప్పింది. పంతొమ్మిదేళ్ళవారికి 3.2 శాతం బీరు అమ్మనిచ్చే దక్షిణ డకోటా దీన్ని సవాలు చేయగా, 1987లో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల మద్దతుతో, ఇద్దరి అసమ్మతితో చట్టాన్ని సమర్థించింది. 1988లో వయోమింగ్ లొంగిపోవడంతో దేశమంతటా ఒకే గీత ఏర్పడింది. రోడ్డు మరణాలు తగ్గడంలో ఈ చట్టానికి గణనీయమైన పాత్ర ఉందని రహదారి భద్రతా పరిశోధకులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. ఈ చరిత్రలో ఆ మేలును తక్కువ చేసి చూడడానికి వీల్లేదు.

అదే గీత విశ్వవిద్యాలయాల్లోని తొలి మూడు సంవత్సరాల విద్యార్థులలో ఎక్కువమందిని చట్టానికి అవతలి పక్కన నిలబెట్టింది. దాని కింద పెట్టే కేసుల్లో సాధారణమైనది మైనర్ ఇన్ పొసెషన్, అంటే వయసు చాలనివారి దగ్గర మద్యం దొరకడం. భారతదేశంలో మైనర్ అంటే పద్దెనిమిదేళ్ళు నిండనివారే గాని, మద్యం విషయంలో అమెరికా చట్టాలు ఆ మాటను ఇరవయ్యొకటి నిండనివారికి వాడతాయి. దొంగ గుర్తింపు కార్డు వాడడం, బహిరంగ ప్రదేశంలో తాగి తూలడం, తక్కువ వయసువారికి మద్యం అందించడం దీని పక్కన నిలిచే ఇతర అభియోగాలు. వీటిలో ఎక్కువ మిస్డిమీనర్ తరగతికి చెందుతాయి. పెద్ద నేరాల కన్న తక్కువ స్థాయిలో, జరిమానాతోనో కొద్దికాలపు జైలుతోనో ముగిసే నేరాలను అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. టెక్సాస్‌ను ఉదాహరణగా తీసుకుంటే, మొదటిసారి దొరికినవారికి 500 డాలర్ల వరకు జరిమానా, 8 నుంచి 12 గంటల సమాజసేవ, మద్యం గురించిన అవగాహన తరగతి, 30 రోజుల పాటు డ్రైవింగ్ లైసెన్సు రద్దు ఉంటాయి; తల్లిదండ్రుల కళ్ళ ఎదుట తాగితే మాత్రం ఆ చట్టం ప్రకారం నేరం కాదు. చాలా రాష్ట్రాల్లో మొదటి తప్పుకు న్యాయమూర్తి గడువు ఇచ్చి, ఆ గడువులో తరగతీ సేవా పూర్తిచేస్తే కేసు కొట్టివేస్తాడు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడా మద్యానికి ఇరవయ్యొకటేళ్ళే పరిమితి కావడం, ఏటా వేలమంది తెలుగు విద్యార్థులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేరుతుండడం, అక్కడే పుట్టిన తెలుగువారి పిల్లలు కళాశాల వయసుకు రావడం గమనిస్తే ఈ విషయం తెలుగు కుటుంబాలకు పరాయిది కాదు. తెలుగు నేల మీద ఆచరణలో పరిమితి బరువు ప్రధానంగా అమ్మేవాడి మీద ఉంటే, అమెరికాలో అది తాగిన యువకుడి మీద కూడా నేరుగా పడుతుందన్న తేడాను అక్కడికి పిల్లలను పంపే తల్లిదండ్రులు తెలుసుకోవలసి ఉంది.

న్యాయస్థానం తరువాత చట్టం విశ్వవిద్యాలయాన్నీ వదలలేదు. 1989లో చేసిన ఫెడరల్ సవరణ, కేంద్ర నిధులు కావాలంటే ప్రతి విద్యాసంస్థా మద్యం, మత్తుమందుల నివారణకు నియమాలను, శిక్షలను రాసి విద్యార్థులకు ఏటా అందజేయాలని ఆదేశించింది. 1995 నాటి మరో చట్టం ఇరవయ్యొకటేళ్ళ లోపు డ్రైవరు రక్తంలో 0.02 శాతం ఆల్కహాలు ఉన్నా నేరంగా పరిగణించేలా రాష్ట్రాల మీద ఒత్తిడి తెచ్చింది. 1998లో, విద్యార్థి వివరాలను గోప్యంగా ఉంచాలన్న 1974 చట్టాన్ని సడలించి, ఇరవయ్యొకటేళ్ళ లోపువారి మద్యం ఉల్లంఘనలను తల్లిదండ్రులకు తెలపడానికి కళాశాలలను అనుమతించారు. 1979లో తల్లిదండ్రుల స్థానం నుంచి దిగిన కళాశాల, ఇరవై ఏళ్ళు తిరక్కుండానే వారికి ఉత్తరం రాసే స్థానంలోకి వచ్చింది.

జట్టు లోపలి కట్టుబాట్లు

ఈ కొత్త చట్టాలు అందరు విద్యార్థులకూ ఒకటే అయినా, క్రీడాకారుల మీద వాటి వెలుగు ఎక్కువగా పడింది. పోలీసు కేసుల పట్టిక అక్కడ బహిరంగ పత్రం. పేరు తెలియని విద్యార్థి కేసు ఆ పట్టికలోనే మరుగున పడుతుంది, జట్టు సభ్యుడి కేసు మాత్రం మర్నాడు క్రీడల పేజీలో వార్త అవుతుంది. సమస్య కేవలం ప్రచారం సృష్టించినది కూడా కాదు. హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాలకు చెందిన హెన్రీ వెక్స్‌లర్ బృందం 1993లో 140 కళాశాలల్లో జరిపిన సర్వేలో, విద్యార్థుల్లో దాదాపు 44 శాతం ఒకే విడతలో మగవారైతే కనీసం ఐదు, ఆడవారైతే కనీసం నాలుగు పానీయాలు తాగినట్లు తేలింది. అదే పరిశోధన కొనసాగింపులో క్రీడాకారులు ఇతరుల కన్న ఎక్కువగా ఇలా తాగుతారని, పైగా మద్యం హాని గురించిన బోధన వారికి ఇతరుల కన్న ఎక్కువే అందిందని బయటపడింది. బోధన వల్ల మాత్రమే అలవాటు మారదని దాని అర్థం. సీజన్ నడుస్తున్నంతకాలం బిగబట్టుకుని, అది ముగియగానే ఒక్కసారిగా తాగడం, గెలుపోటములు రెండింటినీ తాగుడుతోనే గుర్తించడం, జట్టు అనే మూసిన వలయంలో కాదన్నవాడు వేరుపడిపోతాడన్న భయం ఇందుకు కారణాలుగా పరిశోధకులు చెప్పారు.

ఆ వలయంలో అన్నిటికన్న ప్రమాదకరమైనది కొత్తవారిని జట్టులో చేర్చుకునే పేరుతో సాగే ర్యాగింగ్. 1999లో ఆల్‌ఫ్రెడ్ విశ్వవిద్యాలయం దేశవ్యాప్తంగా కళాశాల క్రీడాకారులలో జరిపిన సర్వేలో, సుమారు సగం మంది మద్యంతో కూడిన ర్యాగింగ్‌కు గురైనట్లు తేలింది. ఆ ఏడాది శరదృతువులో వెర్మాంట్ విశ్వవిద్యాలయ ఐస్ హాకీ జట్టు సీనియర్లు కొత్త ఆటగాళ్ళ చేత బలవంతంగా తాగించి, అవమానకరమైన పనులు చేయించారు. విశ్వవిద్యాలయం మొదట జరిపిన విచారణలో ఆటగాళ్ళు నిజం దాచారు. ఒక ఆటగాడు దావా వేసిన తరువాత నిజం బయటకు వచ్చి, 2000 జనవరిలో అధ్యక్షురాలు జుడిత్ రమాలీ మిగిలిన సీజన్ మొత్తాన్ని రద్దు చేసింది. ఆ ఏడాదే వెర్మాంట్ రాష్ట్రం ర్యాగింగ్ వ్యతిరేక చట్టం చేసింది. బ్రయంట్ ఎదుట నిజం చెప్పిన ఆటగాడికి తిరిగి రావడానికి దారి మిగిలింది. వెర్మాంట్‌లో అబద్ధం మొత్తం జట్టునే మైదానానికి దూరం చేసింది.

ఇటువంటి సంఘటనల తరువాత క్రీడా విభాగాలు ఆటగాళ్ళ చేతిపుస్తకాల్లో మద్యం నియమాలను విపులంగా రాశాయి. వీటి సామాన్య రూపం మెట్ల పద్ధతి: మొదటి ఉల్లంఘనకు కౌన్సెలింగ్, తల్లిదండ్రులకు కబురు, రెండోదానికి సీజన్‌లో కొంత శాతం మ్యాచ్‌లకు సస్పెన్షన్, మూడోదానికి జట్టు నుంచి తొలగింపు. కాని ఆ పుస్తకాల్లోనే, ఇంతకన్న కఠినమైన చర్య తీసుకునే అధికారం కోచ్‌కు ఉంటుందని ఒక వాక్యం సాధారణంగా కనిపించేది. పాత ఆజ్ఞాధికారం ఆ ఒక్క వాక్యంలో పదిలంగా నిలిచింది. పత్రికా ప్రకటనల్లో వాడే జట్టు నియమాల ఉల్లంఘన అనే మాట, తప్పేమిటో చెప్పకుండానే శిక్షను ప్రకటించడానికి పనికొచ్చింది. సస్పెన్షన్‌ను బలహీనమైన ప్రత్యర్థితో జరిగే మ్యాచ్‌కు సరిపెట్టడం, స్కాలర్‌షిప్ లేని ఆటగాణ్ణి వెంటనే పంపివేసి ప్రధాన ఆటగాడికి మరో అవకాశం ఇవ్వడం వంటి పక్షపాతాలు ఈ పద్ధతి మీద తరచు వినిపించే ఆరోపణలు. 2004లో ఫేస్‌బుక్ వచ్చిన తరువాత, విందులో చేతిలో గ్లాసుతో దిగిన ఫోటో కూడా సాక్ష్యమైంది. పోలీసులు చూడని తప్పును సైతం క్రీడా విభాగాలు చూడగలిగాయి.

బీరు వ్యాపారం, మద్యం నియమం

ఈ నియమాలు రాసిన సంస్థలే బీరు కంపెనీల నుంచి ప్రకటనల ఆదాయం పొందడం ఈ చరిత్రలో పరిష్కారం కాని వైరుధ్యం. కళాశాల క్రీడా ప్రసారాల్లో బీరు ప్రకటనలు దశాబ్దాలుగా ఉన్నాయి. 2018లో ఎన్.సి.ఎ.ఎ. తన అన్ని జాతీయ పోటీల వేదికల్లోనూ మద్యం అమ్మకానికి తలుపులు తెరిచింది. 2019లో అలబామా సభ్యురాలైన ఆగ్నేయ విశ్వవిద్యాలయాల సమాఖ్య కూడా స్టేడియంలోని సాధారణ సీట్లలో అమ్మకం మీద ఉన్న నిషేధాన్ని ఎత్తివేసి, నిర్ణయాన్ని సభ్య విశ్వవిద్యాలయాలకు వదిలింది. వయసు నిండిన ప్రేక్షకుడికి అమ్మడం చట్టవిరుద్ధం కాదు. అయినా బీరు అమ్మకంతో ఆదాయం పెంచుకునే సంస్థ, బీరు తాగిన పంతొమ్మిదేళ్ళ ఆటగాడిని శిక్షించేటప్పుడు ఇతరుల కన్న ఎక్కువ జాగ్రత్తతో, ఎక్కువ న్యాయంగా వ్యవహరించవలసిన బాధ్యత మోస్తుంది.

చట్టాన్నే పునరాలోచించాలన్న వాదన కూడా ఒకసారి గట్టిగా వినిపించింది. మిడిల్‌బరీ కళాశాల మాజీ అధ్యక్షుడు జాన్ మెకార్డెల్ చొరవతో 2008లో వంద మందికి పైగా కళాశాలల అధ్యక్షులు, ఇరవయ్యొకటేళ్ళ నిషేధం తాగుడును చాటుకు నెట్టి మరింత ప్రమాదకరం చేసిందని, దీని మీద బహిరంగ చర్చ జరగాలని ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. రోడ్డు భద్రతా సంస్థలు తీవ్రంగా వ్యతిరేకించడంతో ఆ ప్రయత్నం చట్టాన్ని కదిలించలేకపోయింది. అయోవా విశ్వవిద్యాలయం ఉన్న అయోవా సిటీ దానికి ఎదురు దారిన నడిచి, 2010లో రాత్రి పది దాటిన తరువాత ఇరవయ్యొకటేళ్ళ లోపువారు బార్లలో ఉండరాదని నిబంధన చేయగా, ఆ ఏటి నవంబరులో ఓటర్లు దాన్ని నిలబెట్టారు.

శిక్ష నుంచి చికిత్స వైపు

మార్పు వచ్చింది వయోపరిమితిలో కాదు, శిక్షను చూసే తీరులో. అతిగా తాగి స్పృహ కోల్పోయిన స్నేహితుడి కోసం అంబులెన్సును పిలిస్తే తమ మీద కేసు పడుతుందని, ఆటగాడైతే జట్టు పోతుందని విద్యార్థులు వెనకాడడం ప్రాణాంతకమవుతోందని గుర్తించి, కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో వైద్యసహాయం కోరినవారికి క్రమశిక్షణ చర్యల నుంచి మినహాయింపు ఇచ్చింది. తరువాతి దశాబ్దంలో టెక్సాస్, న్యూయార్క్, ఇండియానా, మిషిగన్ వంటి రాష్ట్రాలు దీనికి చట్టరూపం ఇచ్చాయి. మిషిగన్ మరో అడుగు వేసి, 2018 జనవరి నుంచి మొదటిసారి దొరికినవారి తప్పును నేరాల జాబితా నుంచి తప్పించి, 100 డాలర్ల వరకు జరిమానాతో తీరిపోయే ఉల్లంఘనగా మార్చింది. పద్దెనిమిదేళ్ళ వయసులో చేసిన ఒక చిన్న తప్పు, ఉద్యోగానికో పై చదువుకో దరఖాస్తు పెట్టినప్పుడల్లా నేరచరిత్రగా వెంటాడకూడదన్నది ఈ మార్పు వెనక ఉన్న మానవీయమైన ఆలోచన.

విశ్వవిద్యాలయాల లోపల, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలన్ మార్లాట్ బృందం 1990లలో రూపొందించిన క్లుప్త కౌన్సెలింగ్ పద్ధతి విస్తృతంగా అమలైంది. ఇందులో విద్యార్థికి నీతిబోధ చేయరు. అతడు తాగే మోతాదును తోటివారి నిజమైన సగటుతో పోల్చి చూపి, దానివల్ల చదువు, నిద్ర, ఆట ఎలా దెబ్బతింటున్నాయో అతని చేతనే లెక్క వేయిస్తారు. తోటివారంతా తనకన్న ఎక్కువే తాగుతున్నారన్న అపోహ తొలగితేనే చాలామందిలో తాగుడు తగ్గుతుందని ఈ పద్ధతిపై జరిగిన పరిశోధనలు చూపాయి. సస్పెన్షన్ ఆటగాణ్ణి మైదానానికి దూరం చేస్తుంది గాని, మ్యాచ్ రోజు సాయంత్రం అతడు ఎవరితో, ఎక్కడ ఉంటాడన్నది దానికి పట్టదు. కౌన్సెలింగ్ ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఒప్పందాల కాలం

2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కార్మిక సంఘం పెట్టుకోవడానికి దరఖాస్తు చేసినప్పుడు, జాతీయ కార్మిక సంబంధాల మండలి ప్రాంతీయ అధికారి వారు ఉద్యోగులేనని నిర్ణయించారు. అందుకు చూపిన ఆధారాల్లో వారి నివాసం, బయటి ఉద్యోగం, సామాజిక మాధ్యమాల్లో రాతలు వంటి వ్యక్తిగత విషయాలపై క్రీడా విభాగానికి ఉన్న అదుపు ముఖ్యమైనది. మరుసటి ఏడాది మండలి ఆ వ్యవహారంలో తన అధికార పరిధిని వినియోగించడానికి నిరాకరించడంతో సంఘం ఏర్పడలేదు. అయినా, శిక్షణ నియమాలు ఆటకు మాత్రమే సంబంధించినవా, లేక ఒక యజమాని ఉద్యోగి జీవితం మీద చలాయించే అధికారమా అన్న ప్రశ్న మొదటిసారి అధికారికంగా చర్చకు వచ్చింది. 2021 జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు ప్రతిష్ఠల మీద ఆదాయం పొందే వీలు కలగడం, 2025లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే వారికి నేరుగా చెల్లించే వీలు ఏర్పడడంతో, నడవడిక షరతులు చేతిపుస్తకాల నుంచి ఒప్పంద పత్రాల్లోకి చేరుతున్నాయి. ఒప్పందంలో రాసినదానికి రెండు పక్షాలూ కట్టుబడాలి గనుక, కోచ్ ఇష్టానికి వదిలిన పాత వాక్యం ఇక ముందు న్యాయపరీక్షకు నిలవవలసి ఉంటుంది.

జట్టు నాయకుడు తోటివారితో కలిసి పెట్టుకున్న కట్టుబాటు కోచ్ ఆజ్ఞగా, ఆ ఆజ్ఞ చేతిపుస్తకంగా, చేతిపుస్తకం ఒప్పందంగా మారడానికి నూటయాభై ఏళ్ళకు పైగా పట్టింది. ఈ ప్రయాణంలో క్రమశిక్షణ అవసరాన్ని ఎవరూ కాదనలేదు. తాగి కారు నడిపినవాడి వల్ల పోయిన ప్రాణాలు, బలవంతంగా తాగించిన ర్యాగింగ్‌లో చితికిన యువకులు ఆ అవసరానికి సాక్ష్యం. కాని మొదటి చిన్న తప్పుకు చదువును పణంగా పెట్టే అధికారం ఏ ఒక్క మనిషి చేతిలోనూ ఉండకూడదన్నది కూడా అంతే స్పష్టంగా తేలిన సత్యం. నియమం ముందే రాతలో ఉండాలి, ప్రధాన ఆటగాడికీ బెంచీ మీది ఆటగాడికీ అది ఒకే తీరున వర్తించాలి, శిక్షకు ముందు ఆటగాడి మాట వినాలి, శిక్షతో పాటు సాయం అందాలి, నిజం చెప్పినవాడికి తిరిగి వచ్చే దారి తెరిచి ఉండాలి. టస్కలూసాలో ఒక కోచ్ వ్యక్తిగత న్యాయబుద్ధి వల్ల ఒక ఆటగాడికి దక్కిన సమన్యాయం, రెండో అవకాశం ఇప్పుడు ప్రతి విద్యార్థికీ హక్కుగా దక్కడమే ఈ సుదీర్ఘ చరిత్ర ఇంకా పూర్తిచేయవలసిన పని.